రోగానికి ముందు పేదరికం: రామచంద్రపురం కుష్ఠాశ్రమ చరిత్రలో స్త్రీలు

గోదావరి డెల్టా గురించి రాసినవాళ్ళెవరైనా ముందు నీళ్ళ గురించి రాస్తారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలవలు, ఆ కాలవల కింద పండిన వరి, ఆ వరి వల్ల పెరిగిన భూముల ధరలు, అందులోంచి పుట్టిన చదువులు, పత్రికలు, సంఘ సంస్కరణ. మన ఆధునిక సాహిత్య చరిత్రలో సగం ఈ నీటిపక్కనే జరిగింది. రామచంద్రపురం తాలూకా ఈ పచ్చటి కథకు నడిబొడ్డు. అటువంటి ఊళ్ళో 19వ శతాబ్దపు చివర ఒక కుష్ఠాశ్రమం వెలిసింది. అన్నం పుట్టే తాలూకాలో తిండికోసం, ఒక కప్పుకోసం గేటు దగ్గర నిలబడిన ఆ మనుషులెవరు? వాళ్ళలో స్త్రీలు ఎలా వచ్చారు? రాకుండా ఇంట్లోనే మిగిలిపోయినవాళ్ళు ఎవరు?

నేను చదువుకున్నది సాహిత్యం, వైద్యం కాదు. మిషనరీ పత్రికల్లో తెలుగు స్త్రీల గురించి ఏం రాశారో వెతుకుతూ ఈ ప్రశ్నల దగ్గర ఆగాను. సామాజిక, ఆర్థిక పరిస్థితులు ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయని ఇవాళ ప్రజారోగ్య పరిశోధకులు అంటున్నారు. పేదరికం వల్ల రోగాలొస్తాయి, రోగాల వల్ల పేదరికం వస్తుంది అనే మాట మనందరికీ అలవాటయింది. కుష్ఠు చరిత్ర చదివితే ఇంకో మాట కూడా చెప్పాల్సి వస్తుంది. ఇక్కడ పేదరికం రోగానికి కారణమూ ఫలితమూ మాత్రమే కాదు. ఎవరు రోగి, ఎవరు కాదు అని తేల్చే కొలబద్ద కూడా అదే అయింది. ఆస్తి లేని మగవాడి విషయంలో ఆ పని చట్టం చేసింది. స్త్రీ విషయంలో చాలావరకు ఇల్లే చేసింది.

చట్టం ఎవరిని రోగి అంది?

1889లో హవాయి దీవుల్లో కుష్ఠురోగుల మధ్య పనిచేస్తూ అదే వ్యాధితో ఫాదర్ డేమియన్ చనిపోయాడు. ఆ వార్తతో ఇంగ్లండులో పెద్ద కలకలం లేచింది. వలస దేశాలనుంచి ఈ రోగం తమ ఇళ్ళకొస్తుందేమోనన్న భయమూ అందులో ఉంది. ఆ తర్వాత 1890-91లో ఒక లెప్రసీ కమిషన్ ఇండియా అంతా తిరిగింది. బలవంతంగా విడదీసి ఉంచాల్సినంత సులభంగా ఇది అంటుకోదనీ, పారిశుధ్యం, జీవన పరిస్థితులు మెరుగుపరచడం ముఖ్యమనీ కమిషన్ చెప్పింది. అప్పటికే, 1873లో, నార్వేలో హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని గుర్తించాడు. అదే నార్వేలో సరైన మందు పుట్టకముందే కుష్ఠు దాదాపు మాయమైంది. రోగులను విడిగా ఉంచడం ఎంత పనిచేసింది, తిండీ నివాసమూ మెరుగుపడడం ఎంత పనిచేసింది అని పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటారు గాని, రెండోదాన్ని కాదన్నవాళ్ళు తక్కువ.

కమిషన్ మాట అలా ఉండగా 1898లో ప్రభుత్వం లెపర్స్ యాక్ట్ తెచ్చింది. ఆ చట్టాన్ని సాహిత్య విద్యార్థిగా, అంటే ఒక్కో మాట దగ్గరా ఆగి చదివాను. అందులో రెండు నిర్వచనాలున్నాయి. మొదటిది 'లెపర్': ఒంటిమీద పుళ్ళు పడడం మొదలైనవాళ్ళు. రెండోది 'పాపర్ లెపర్', అంటే బీద కుష్ఠురోగి: బహిరంగంగా బిచ్చమెత్తేవాళ్ళు, బిచ్చం కోసం పుళ్ళు చూపించేవాళ్ళు, లేదా కంటికి కనిపించే జీవనాధారమేదీ లేకుండా తిరిగేవాళ్ళు. వారంటు లేకుండా పట్టుకుని ఆశ్రమానికి పంపే అధికారం పోలీసులకు ఈ రెండో రకం మనుషుల మీదే ఉంది. అదే వ్యాధి, అవే పుళ్ళు ఉన్న భూస్వామి తన మేడలో తాను ఉండొచ్చు. క్రిమికి ఆస్తిపాస్తుల పట్టింపు లేదు. చట్టానికి ఉంది.

ఇదే చట్టంలో మరో సెక్షన్ ఉంది. ఆశ్రమంలో లేని రోగులు కూడా కొన్ని పనులు చేయకూడదని ప్రభుత్వం నిషేధించవచ్చు. తినే వస్తువులు, తాగే వస్తువులు, మందులు, బట్టలు తయారుచేసి అమ్మడం. చట్టంలో చెప్పిన ఊరుమ్మడి బావుల్లో, చెరువుల్లో స్నానం చేయడం, బట్టలుతకడం, నీళ్ళు తోడుకోవడం. అద్దె బండి తోలడం. ఈ జాబితాను ఒకసారి మన డెల్టా ఊళ్ళ వీధుల్లో నిలబెట్టి చూడండి. భూమి లేని, మొగుడు పోయిన లేదా వదిలేసిన స్త్రీ పొట్టపోసుకునేదెలా? మజ్జిగ అమ్మి, చేపలమ్మి, పేలాలు వేయించి, దోసెలు పోసి, ఎవరింట్లోనో వండిపెట్టి, బట్టలుతికి, నీళ్ళు మోసి. చట్టం ఆడవాళ్ళ పేరెత్తలేదు. కానీ బండి తోలడం తప్ప ఆ జాబితాలో ఉన్నవన్నీ ఆడవాళ్ళు చేసే పనులే.

మండపేటలో పుట్టి లంకల గన్నవరంలో దారినపోయే ప్రతివారికీ అన్నంపెట్టి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మగారిని డెల్టా ఇప్పటికీ అన్నపూర్ణగా తలుచుకుంటుంది. తలుచుకోవాల్సిందే. ఆ కాలంలోనే, ఆ చుట్టుపక్కలే, చేత్తో తాకిన అన్నం ఎవరూ తినని స్త్రీలు కూడా ఉన్నారు. స్త్రీకి గౌరవం తెచ్చిన పని అన్నం పెట్టడమే అయినచోట, ఆ హక్కు పోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో చట్టం సంగతి కూడా ఇక్కడ కలుపుకోవాలి. హిందూ ధర్మశాస్త్రం ప్రకారం తీవ్రమైన కుష్ఠు ఉన్నవాళ్ళకు వారసత్వంలో వాటా లేదు. గుడ్డివాళ్ళు, మూగవాళ్ళు, మతిస్థిమితం లేనివాళ్ళతో పాటు వీళ్ళనూ స్మృతులు పక్కనపెట్టాయి. బ్రిటిష్ కోర్టులూ దాన్నే అమలుచేశాయి. మన ప్రాంతం మితాక్షర కిందికి వస్తుంది. 1928లో వారసత్వ అనర్హతలను తొలగించే చట్టం వచ్చేదాకా ఇదే పరిస్థితి. అంటే వరస ఇలా ఉంది: రోగం రావడంతో వాటా పోతుంది. వాటా పోవడంతో జీవనాధారం పోతుంది. జీవనాధారం లేకపోవడంతో 'బీద కుష్ఠురోగి' అవుతారు. ఆ తర్వాత పోలీసు వస్తాడు. మనిషిని బీదవాణ్ణి చేసిందీ చట్టమే, బీదవాడైనందుకు పట్టుకున్నదీ చట్టమే. ఇక స్త్రీకి మొదటినుంచీ వాటా అన్నదే అంతంత మాత్రం. ఆమె ఈ వరసలో మొదటి మెట్టు ఎక్కకుండానే చివరిమెట్టు మీద ఉంది.

మిస్ హాచ్ కట్టిన గోడలు

కెనడియన్ బాప్టిస్టు మిషన్ 1874లో కాకినాడలో పని మొదలుపెట్టింది. అక్కడినుంచి రామచంద్రపురం, పిఠాపురం, సామర్లకోట, అకివీడు వంటి ఊళ్ళకు విస్తరించింది. 1880లలో వచ్చిన మిస్ ఇసబెల్ హాచ్ రామచంద్రపురంలో స్థిరపడి ఈ కుష్ఠాశ్రమానికి పునాది వేసింది. కెనడా దాతల డబ్బుతో, 'మిషన్ టు లెపర్స్' సంస్థ సాయంతో నడిచిన దీనికి డాక్టర్ కెలాక్ పేరు పెట్టారు.

హాచ్‌ను ఎలా చదవాలి? పెళ్ళి చేసుకోకుండా, తన దేశంలో ఆడవాళ్ళకు ఓటు కూడా లేని రోజుల్లో, సముద్రాలు దాటి వచ్చి ఒక సంస్థను సొంతంగా నడిపిన స్త్రీ. స్వదేశంలో దొరకని స్వేచ్ఛ ఆమెకు ఇక్కడ దొరికింది. ఆ స్వేచ్ఛకు తెల్లదొరల సామ్రాజ్యం అండ ఉంది. ఆమె పెద్దరికానికి ఆధారం ఇక్కడి పేద స్త్రీల నిస్సహాయత. ఈ మాటలు వలసవాద విమర్శ చదువుకున్న మనకు వెంటనే తడతాయి. అవి నిజమే. కానీ అక్కడితో ఆగిపోతే ఆ గేటు దగ్గరికి నడిచొచ్చిన స్త్రీకి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. వీధి అరుగుమీద కూడా చోటివ్వని ఊళ్ళో ఆమెకు కప్పు, బియ్యం, కట్టు కట్టే చేయి దొరికాయి. ఆ చెయ్యి ముట్టుకుంది. అంటరానితనం రెండింతలైన శరీరానికి అది చిన్న సంగతి కాదు.

అయితే ఆ కప్పుకు షరతులున్నాయి. మిషన్ టు లెపర్స్ ఆశ్రమాల పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఆడవాళ్ళ వార్డు వేరు, మగవాళ్ళ వార్డు వేరు. భార్యాభర్తలిద్దరూ వచ్చినా కలిసి కాపురం చేయకూడదు. వ్యాధి లేని పిల్లల్ని తల్లిదగ్గరనుంచి తీసి వేరే హోముల్లో పెంచాలి. పిల్లలకు అంటకుండా కాపాడాలన్న ఉద్దేశం అర్థంలేనిది కాదు. ఆనాడు తెలిసిన వైద్యం అంతే. కానీ తల్లినుంచి బిడ్డను తీసేయడమూ, దంపతులను విడదీయడమూ పెద్ద ఆలోచన లేకుండా చేయగలిగింది పేదల విషయంలోనే. డబ్బున్న ఇంట్లో అదే జబ్బు మనిషి చుట్టూ కుటుంబం కుటుంబంగానే ఉండిపోయింది, పెరట్లో గది కట్టి అయినా సరే.

ఇక్కడ నన్ను చాలారోజులు వెంటాడిన విషయం ఒకటుంది. ఈ ప్రాంతంలో పనిచేసిన కెనడా మిషనరీ జాన్ డేవిస్‌కే కుష్ఠు సోకింది. ఆయన తన దేశం వెళ్ళిపోయి న్యూబ్రన్స్‌విక్‌లోని ట్రకాడీ ఆశ్రమంలో మిగిలిన జీవితం గడిపాడు. ఆయన ఆత్మకథ పుస్తకంగా వచ్చింది. చూపు, చేతులు పోతున్నా తన కథ తాను చెప్పుకోగలిగాడు, దాన్ని రాసిపెట్టేవాళ్ళు, అచ్చేసేవాళ్ళు, చదివి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఆయన బాధ తక్కువదని నా ఉద్దేశం కాదు. అదే వ్యాధి, అదే కాలం. రామచంద్రపురం ఆశ్రమంలో బతికి చనిపోయిన తెలుగు స్త్రీల ఆత్మకథ ఒక్కటీ మనచేతికి రాలేదు. మిషన్ పత్రికల్లో రోగి కనిపించే తీరు వేరు. ఆమె ఒక సంఖ్య, ఒక బాప్తిస్మం పేరు, ఒక కృతజ్ఞత. విరాళమిచ్చే పాఠకురాలికి ఏం కావాలో అది మాత్రమే ఆమె నోటినుంచి వస్తుంది. పొలం మీద కూలీ ఎంత, కట్టుకున్నవాడు ఏమన్నాడు, బిడ్డను తీసుకెళ్ళిన రోజు ఏం జరిగింది, ఆమె కులమేమిటి, మాలపల్లె నుంచి వచ్చిందా అగ్రహారం నుంచి వచ్చిందా, ఆ రెండు చోట్లనుంచీ వచ్చినవాళ్ళు ఒకే బావి నీళ్ళు తాగారా అన్నవి ఆ పేజీల్లో ఎవరూ అడగలేదు.

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు బతికుండగానే వాళ్ళ గొంతులు రికార్డుచేసుకోగలిగాం. కుష్ఠాశ్రమాల తొలితరం స్త్రీల విషయంలో ఆ గడువు దాటిపోయింది. ఇక మనకు మిగిలింది వాళ్ళగురించి ఇతరులు రాసినదాన్ని అడ్డంగా చదవడమే.

సుమతి మోసింది, సుమతిని ఎవరు మోస్తారు?

చట్టం, ఆశ్రమం మాత్రమే కాదు, కథలు కూడా రోగిని తయారుచేస్తాయి. మారన 14వ శతాబ్దంలో తెలుగు చేసిన మార్కండేయ పురాణంలో కుష్ఠురోగి అయిన కౌశికుడి కథ ఉంది. భర్త ఒక వేశ్యను కోరితే పతివ్రత అయిన భార్య అతన్ని భుజాలమీద ఎక్కించుకుని ఆమె ఇంటికి మోసుకెళ్తుంది. దారిలో చీకట్లో కొరతమీదున్న మాండవ్యుడికి అతని కాలు తగులుతుంది. తెల్లవారేసరికి చస్తాడన్న శాపాన్ని ఆమె సూర్యోదయాన్నే ఆపి ఎదుర్కొంటుంది. చివరికి అనసూయ వచ్చి కథ సుఖాంతం చేస్తుంది. భర్త బతుకుతాడు, రోగమూ పోతుంది. సుమతి పేరుతో ఈ కథ హరికథల్లో, నాటకాల్లో, సినిమాల్లో తెలుగునాట ఇంటింటికీ చేరింది.

దీన్ని మనం పాతివ్రత్య భావజాలం అని చాలాసార్లు విమర్శించాం. రోగి వైపునుంచి చదివితే ఇంకోటి కనిపిస్తుంది. భర్తకు కుష్ఠు వస్తే ఏం చేయాలో చెప్పే కథ మనకుంది. భార్యకు వస్తే భర్త ఏం చేయాలో చెప్పే కథ లేదు. మోసే భుజం ఎప్పుడూ ఆమెదే. ఆమె ఒళ్ళే మొద్దుబారితే మోసేవాళ్ళెవరో మన సాహిత్యం ఊహించలేదు.

రెండో కథ 'రక్తకన్నీరు'. తమిళంలో ఎం.ఆర్. రాధాకు, తెలుగులో నాగభూషణానికి ఇంటిపేరులాగా మారిన నాటకం. విదేశాలు తిరిగొచ్చిన ధనవంతుడు భార్యను కాదని వేశ్యను మరిగి, కుష్ఠు వచ్చి, ఆమె చేత గెంటించుకుని బిచ్చగాడవుతాడు. దాని సామాజిక విమర్శ పదునైనదే, ఆ వ్యంగ్యానికి జనం విరగబడి నవ్వారు. కానీ ఊరూరా తిరిగిన ఆ నాటకం కుష్ఠును వేశ్యా సాంగత్యానికి పడ్డ శిక్షగా జనం మనసుల్లో మరింత గట్టిగా నాటింది. కుష్ఠు లైంగిక సంబంధం వల్ల వచ్చే వ్యాధి కాదు. చికిత్స తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా ఉన్నప్పుడు ఊపిరితో, తుంపరలతో వస్తుందని ఇవాళ్టి అవగాహన. అది కూడా చాలా కొద్దిమందికే. ఎక్కువమందికి సహజంగానే నిరోధకశక్తి ఉంటుంది. ఇరుకు గదిలో పదిమంది పడుకునే ఇంట్లో, సరైన తిండి లేని ఒంటికి అది వచ్చే అవకాశం ఎక్కువ. ఇరుకు ఇల్లు, అరకొర తిండి అనే నిజమైన కారణాలు నాటకానికి పనికిరావు. వేశ్య పనికొస్తుంది. మగవాడికి వస్తే ఒక చెడ్డ ఆడదాని వల్ల వచ్చిందన్నారు. ఆడదానికి వస్తే ఆమే చెడ్డది అన్నారు. 'పెద్దరోగం' అని గొంతు తగ్గించి పలికే మాటలో ఈ తీర్పు కూడా ఇమిడి ఉంది.

చెయ్యి, పాదం, పని

కుష్ఠులో వేళ్ళు కుళ్ళి రాలిపోతాయన్నది పాత నమ్మకం. 1940ల చివరినుంచి వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు చేసిన పని దీన్ని మార్చింది. క్రిమి నరాలను దెబ్బతీస్తుంది. స్పర్శ పోతుంది. నొప్పి తెలియదు కాబట్టి కాలిన చోటే మళ్ళీ కాలుతుంది, గుచ్చుకున్న చోటే మళ్ళీ గుచ్చుకుంటుంది. అంగవైకల్యం చాలావరకు ఈ పదేపదే తగిలే గాయాల వల్ల వస్తుంది. ఈ ఒక్క మాట అర్థమైతే, రోగి వైకల్యం ఆమె చేసే పనిని బట్టి ఉంటుందని అర్థమవుతుంది.

డెల్టాలో ఊడ్పులు ఆడవాళ్ళ పని. కలుపూ వాళ్ళదే. నడుం వంచి, మోకాటి లోతు బురదలో, ఒట్టి కాళ్ళతో, రోజంతా. స్పర్శలేని పాదానికి బురదలో ఉన్న గాజుపెంకు, ముల్లు, నత్తగుల్ల తెలియవు. గాయమైన పాదానికి డాక్టరు చెప్పే మొదటి మందు విశ్రాంతి: కాలు కింద పెట్టకుండా పడుకోవాలి, పుండు దానంతటదే మానుతుంది. రెండో మందు మెత్తటి రబ్బరు చెప్పులు. ఊడ్పుల నెలలో పడుకుంటే కూలీ ఎవరిస్తారు? చెప్పులేసుకుని నాటు వేయడం ఎలా కుదురుతుంది? 'రోగి సూచనలు పాటించలేదు' అని కేసు కాగితంలో రాసే వాక్యం వెనక ఉన్నది ఈ లెక్క. ఆమె సూచన అర్థంకాక పాటించలేదని కాదు. పాటించాలంటే ఆమెకు భూమి ఉండాలి, లేదా రోజుకూలీ లేకుండా గడిచే ఇల్లు ఉండాలి.

పొలంనుంచి వంటింట్లోకి వస్తే చెయ్యి. పొయ్యిమీద గిన్నె దించడానికి మసిగుడ్డ వెతుక్కునేది వేడి తెలిసిన చెయ్యి. తెలియని చెయ్యి నేరుగా పట్టుకుంటుంది. బొబ్బలెక్కాకే తెలుస్తుంది. పిల్లకు పాలు కాచినా, నీళ్ళు తోడినా, దంచినా, రుబ్బినా అదే చెయ్యి. మగవాడికి పొలం దగ్గర మాత్రమే ఉండే ప్రమాదం ఆమెకు ఇంట్లోనూ ఉంది. ప్రసవం తర్వాత కొందరిలో వ్యాధి ప్రతిచర్యలు ఒక్కసారిగా పెరిగి నరాలు దెబ్బతింటాయని వైద్యులు గుర్తించారు. బాలింతకు అందరూ బిడ్డవైపు చూసే రోజులవి. చెయ్యి తిమ్మిరెక్కుతోందని ఆమె అంటే పచ్చివాతం అని సరిపెడతారు.

1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చాక స్త్రీల ఆరోగ్యమంటే కాన్పులు, కుటుంబ నియంత్రణ మాత్రమే కాదని తెలుగులో గట్టిగా చెప్పుకున్నాం. అయినా స్త్రీవాదులుగా మనం కుష్ఠువైపు పెద్దగా చూడలేదు. గర్భాశయానికి ఇచ్చిన శ్రద్ధ కూలిమనిషి అరిపాదానికి ఇవ్వలేదు.

మందు వచ్చాక

1940లలో సల్ఫోన్ మందులు, ఆపైన డాప్సోన్ వచ్చాయి. 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అదే ఏడాది హిందూ వివాహ చట్టం కూడా వచ్చింది. మనం పోరాడి తెచ్చుకున్న విడాకుల హక్కు అందులో ఉంది. ఆ కారణాల జాబితాలో 'తీవ్రమైన, నయంకాని' కుష్ఠు కూడా ఉంది. అంటే ప్రభుత్వం ఒక చేత్తో ఇది నయమవుతుందని ఊరూరా చెబుతూ, రెండో చేత్తో నయంకాదని చట్టంలో రాసింది. మరుసటి ఏడు వచ్చిన దత్తత, మనోవర్తి చట్టం భర్తకు తీవ్రమైన కుష్ఠు ఉంటే భార్య వేరుగా ఉంటూ కూడా మనోవర్తి పొందవచ్చంది. సుమతి భుజం మీది బరువు చట్టప్రకారం దిగింది. అది చిన్న మేలు కాదు. కానీ జబ్బుపడ్డ భార్య సంగతి?

1974లో లా రిపోర్టుల్లోకెక్కిన ఒక సుప్రీంకోర్టు తీర్పు మన రాష్ట్రంనుంచి వెళ్ళిన కేసుమీదే. భార్యకు కుష్ఠు ఉందని విడాకులు కోరిన భర్త స్వయంగా డాక్టరు. భార్య సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. లెప్రొమేటస్ రకం కుష్ఠు తీవ్రమైనదీ, నయంకానిదీ అని కోర్టు నిర్ణయించి విడాకులు ఖాయం చేసింది. ఏడేళ్ళు తిరక్కుండానే, 1981లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. కోర్టు నయంకాదన్న రకానికి ఇప్పుడు పన్నెండు నెలల మందు. చట్టంలో ఆ మాట మాత్రం 2019 వరకు ఉండిపోయింది. ఆ ఏడాది వ్యక్తిగత చట్టాల సవరణ అయిదు చట్టాలనుంచి కుష్ఠును విడాకుల కారణంగా తొలగించింది. 1898 నాటి లెపర్స్ యాక్ట్ కూడా 2016 దాకా పుస్తకాల్లో బతికే ఉంది. మందు వచ్చాక కూడా చట్టం మారడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. ఆ నలభై ఏళ్ళలో ఎంతమంది స్త్రీలు కోర్టు గుమ్మం ఎక్కకుండానే పుట్టింటికి చేరారో ఏ రిపోర్టులోనూ ఉండదు.

మందు కూడా ఆడవాళ్ళ ఒంటిమీద వేరుగా పనిచేస్తుంది. బహుళ ఔషధ చికిత్సలో ఒకటైన క్లోఫాజిమిన్ చర్మాన్ని ఎర్రగా, నల్లగా మారుస్తుంది. మందు ఆపాక కొన్ని నెలలకు రంగు తిరిగొస్తుంది. డాక్టరు దృష్టిలో అది ప్రమాదంలేని దుష్ఫలితం. కానీ పిల్ల రంగు చూసి సంబంధం కుదుర్చుకునే సమాజంలో, మచ్చ కనపడకుండా దాచుకోగలిగిన అమ్మాయిని మందే బయటపెడుతుంది. మధ్యలో మందు మానేసిందని ఆమెను నిందించేముందు ఈ రంగుల బజారును తయారుచేసిందెవరని అడగాలి.

రామచంద్రపురం వైపు పల్లెల్లో ఇంటింటి సర్వేలకు తిరిగిన ఒక ఆరోగ్య కార్యకర్తతో మాట్లాడాను. ఆమె మాట సూటిగా ఉంది. "మగోళ్ళు చొక్కా ఇప్పి వీపు చూపిత్తారండీ. ఆడోళ్ళు చెయ్యి, మొహం చూపించి అంతేనండీ అంటారు. మచ్చ నడుంమీదుంటే ఎవరికి చెప్తారండీ? చెప్పిందనుకోండి, చెల్లి పెళ్ళి కూడా ఆగిపోద్దండీ."

ఈ చివరి వాక్యంలో రోగి ఒక్కతే కాదు, ఇంట్లో ఆడపిల్లలందరూ ఉన్నారు. మొదట్లో సర్వేలు చేసినవాళ్ళు ఎక్కువమంది మగవాళ్ళు. కప్పుకున్న ఒంటిమీది మచ్చ వాళ్ళకు కనిపించదు. కొత్త కేసుల లెక్కల్లో ఆడవాళ్ళు సగంకంటే తక్కువగా ఉండడాన్ని అందుకే జాగ్రత్తగా చదవాలి. అందులో కొంత వ్యాధి తీరు కావచ్చు. కొంత మాత్రం, ఆలస్యంగా బయటపడడం, అసలు బయటపడకపోవడం. ఆలస్యంగా బయటపడితే అప్పటికే వేళ్ళు వంగి ఉంటాయి.

2005 డిసెంబరు నాటికి పదివేలమందికి ఒకరికంటే తక్కువ అన్న గీతను దేశం దాటింది. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు నిర్మూలన అయిందని ప్రకటించారు. ప్రత్యేక కార్యక్రమం సాధారణ వైద్య సేవల్లో కలిసింది, ఇంటింటికీ తిరగడం తగ్గింది. దాగిన కేసులు బయటపడుతుండడంతో 2016లో మళ్ళీ ఇంటింటి అన్వేషణ ఉద్యమంగా మొదలుపెట్టారు. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మనదేశంలోనే. ఈ అన్వేషణ భారం ఎక్కువగా ఆశా కార్యకర్తల మీద పడింది. వాళ్ళూ పేద స్త్రీలే, జీతం కాకుండా పారితోషికం మీద పనిచేసేవాళ్ళే. నడుంమీది మచ్చ చూడగలిగేది వాళ్ళే కాబట్టి ఇది మంచి మార్పు. కానీ ఒక పేద స్త్రీ రోగాన్ని కనిపెట్టే పనిని ఇంకో పేద స్త్రీకి చవకగా అప్పగించాం అన్నదీ నిజమే.

డెల్టా పల్లెల్లోంచి ఇవాళ ఎందరో స్త్రీలు కువైట్‌కూ, మస్కట్‌కూ ఇంటిపనికి వెళ్తున్నారు. గల్ఫ్ దేశాలు కోరే ఆరోగ్య పరీక్షల్లో అనర్హత తెచ్చే వ్యాధుల్లో కుష్ఠు కూడా ఉంది. ఇంట్లో దాచిన మచ్చ వీసా దగ్గర బయటపడితే, వైద్యం కంటే ముందు ఆమెకు పోయేది జీవనాధారం. తయారుచేసి అమ్మకూడదు, నీళ్ళు తోడకూడదు అన్న 1898 నాటి జాబితాకూ ఈ జాబితాకూ మధ్య నూరేళ్ళకు పైగా దూరముంది. నయమయ్యే జబ్బు అని తెలిశాక కూడా పనినుంచి తీసేయడమే మొదటి చర్యగా మిగలడం రెండింటిలోనూ ఒకటే.

ఆశ్రమంలో చేరినవారి రిజిస్టర్లు, పిల్లల హోముల రిజిస్టర్లు, కోర్టుల్లో విడాకుల కాగితాలు, ఆస్పత్రుల పాత కేసు షీట్లు ఎక్కడెక్కడ మిగిలున్నాయో వెతికి, పేర్లు బయటపెట్టకుండా, కులం, వృత్తి, వైవాహిక స్థితి, వచ్చేటప్పటికి వైకల్యం ఎంత ఉందన్న వివరాలతో చదవాల్సిన పని ఉంది. ఇది వైద్యులు ఒక్కరే చేయలేరు, సాహిత్య పరిశోధకులు ఒక్కరే చేయలేరు. ఆ ఆశ్రమాల్లో పుట్టిపెరిగిన పిల్లలు, మనవలు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ళమ్మల గురించి, అమ్మమ్మల గురించి చెప్పాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. చెప్పదలుచుకున్నవాళ్ళకు వినేవాళ్ళు ఉండాలి. రిజిస్టర్లు దొరికినా దొరక్కపోయినా, ఆ వినడం ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.